ఆకలికి అర్థం, రుగ్మతకు కారణం: ఆహారనిరాకరణ కథనాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

అన్నం మానేసిన పాత్రను సాహిత్యవిమర్శ తరచుగా ప్రతిఘటనకు ప్రతీకగా చదువుతుంది. వైద్యశాస్త్రం అదే స్థితిని రుగ్మతగా గుర్తించి దాని కారణాలను, ప్రమాదకారకాలను వెదుకుతుంది. ఫ్రాంజ్ కాఫ్కా కథ 'ఆకలి కళాకారుడు', హాన్ కాంగ్ నవల 'ది వెజిటేరియన్' ఆధారంగా, అర్థాన్నీ కారణాన్నీ ఒకటిగా కలిపివేయడంవల్ల పఠనంలో కలిగే లోపాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆహారరుగ్మత, అనోరెక్సియా నెర్వోసా, కారణం, ప్రమాదకారకం, ప్రతిఘటన, కాఫ్కా, హాన్ కాంగ్.

ప్రవేశిక

తెలుగులో అన్నం మానేయడానికి మాటలు చాలా ఉన్నాయి. కోపంతో మానేస్తే అలక. దైవం పేరిట మానేస్తే ఉపవాసం. జ్వరం దిగడానికి మానేస్తే లంఖణం. న్యాయమైన కోర్కె నెరవేరడానికి మానేస్తే నిరాహారదీక్ష. ప్రతి మాటలోనూ మానేయడానికి గల ఉద్దేశం ముందే ఇమిడి ఉంది. ఎదుటివారు దాన్ని గుర్తుపట్టగలరు, గౌరవించగలరు, బతిమాలి విరమింపజేయగలరు. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష అనంతరం మరణించడం, ఆ మరణం ఆంధ్ర రాష్ట్ర అవతరణకు దారితీయడం మన రాజకీయ స్మృతిలో చెరగని ఘట్టం. ఇంతటి చరిత్ర ఉన్న భాషలో ఒక పాత్ర అన్నం ముట్టలేదంటే, 'ఎందుకు?' అనే ప్రశ్న స్థానంలో 'ఎవరికి వ్యతిరేకంగా?' అనే ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

అనోరెక్సియా నెర్వోసా అనే రుగ్మత ఈ మాటల్లో దేనికిందికీ రాదు. ఆయుర్వేదం చెప్పే అరోచకం కొంత దగ్గరిది. శోకభయాదుల వల్ల కూడా అన్నం రుచించదని ఆ శాస్త్రం గుర్తించింది. కాని ఇక్కడ రుచి పోవడం ప్రధానం కాదు. తినకపోవడం ఒక నిర్ణయంగా మొదలు కావచ్చు, కాకపోవచ్చు. కొంతకాలానికి అది నిర్ణయించినవారి చేతిలో ఉండదు. అనోరెక్సియా రోగుల్లో మరణాలు సమాన వయస్కులతో పోలిస్తే సుమారు ఆరు రెట్లు అధికమని 2011లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన లెక్కగట్టింది. మానసిక రుగ్మతల్లో ఇది అత్యధిక మరణాలకు దారితీసే వాటిలో ఒకటి. అటువంటి స్థితిని ప్రతీకగా మాత్రమే చదివే పద్ధతి ఎంతవరకు సమర్థనీయం?

పూర్వవర్తులన్నీ కారణాలు కావు

తర్కశాస్త్ర పరిచయం ఉన్నవారికి కారణలక్షణం తెలిసిందే. కార్యానికి ముందు అది తప్పక ఉండాలి; అన్యథాసిద్ధం కాకూడదు. కుండకు మట్టి కారణం, కుమ్మరి కారణం, చక్రమూ దండమూ కారణాలు. మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకు ముందే అక్కడ ఉన్నప్పటికీ కారణం కాదు. ఆహారరుగ్మతల విషయంలో పరిశోధకులకు దొరికినవి చాలావరకు పూర్వవర్తులే గాని నియతపూర్వవర్తులు కావు. యౌవనారంభం, బాల్యంలో ఆందోళన, దేనిలోనూ చిన్న లోపాన్ని సహించలేని స్వభావం, రూపాన్ని గురించిన వెక్కిరింపులు, కుటుంబంలో ఎవరికైనా ఇటువంటి రుగ్మత ఉండటం, కఠినమైన డైటింగ్: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రుగ్మత వచ్చి తీరుతుందని లేదు, ఏ ఒక్కటి లేకపోయినా రాకుండా ఉంటుందనీ లేదు. ఇవి సంభావ్యతను పెంచుతాయి. ప్రమాదకారకం అనే మాటకు అర్థం అంతవరకే.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పాఠశాల విద్యార్థులను మూడేళ్లపాటు అనుసరించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, డైటింగ్ చేయని బాలికలతో పోలిస్తే తీవ్రంగా చేసేవారికి ఆరు నెలల్లో ఆహారరుగ్మత కలిగే అవకాశం 18 రెట్లు ఉన్నట్టు తేలింది. ఈ రంగంలో ఇంత పెద్ద సంఖ్య అరుదు. అయినా తీవ్రంగా డైటింగ్ చేసిన బాలికల్లోనూ ఎక్కువమందికి రుగ్మత రాలేదన్న సంగతి మరువరాదు. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నదానిలో జన్యువుల పాత్ర గణనీయం. అనోరెక్సియా విషయంలో వంశపారంపర్య వాటా సగం లేక అంతకు కొంచెం ఎక్కువని కవలల అధ్యయనాల అంచనా. 2019లో 16,992 మంది రోగుల, 55,525 మంది ఇతరుల జన్యుసమాచారాన్ని పోల్చిన పరిశోధన, రుగ్మతతో ముడిపడిన ఎనిమిది జన్యుస్థానాలను గుర్తించింది. వాటి సంబంధం ఆందోళన, కుంగుబాటు వంటి మానసిక లక్షణాలతో మాత్రమే కాక, శరీరం శక్తిని వినియోగించుకునే జీవక్రియతో కూడా ఉన్నట్టు కనిపించడం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరచింది. ఆ రోగులందరూ యూరోపియన్ సంతతివారే కావడం ఆ పరిశోధనకున్న పరిమితి.

పత్రికలు తరచు నిందించే సినిమాతార, ఫ్యాషన్ మోడల్ ఈ లెక్కలో కుమ్మరివాడో, గాడిదో తేల్చడం అంత సులభం కాదు.

కాఫ్కా: తలకిందులైన కారణం

1922లో వెలువడిన కాఫ్కా కథలో ఒక వ్యక్తి బోనులో కూర్చుని ఉపవాసం చేయడమే వృత్తిగా బతుకుతాడు. ఇది కేవలం కల్పన కాదు. జొవాన్ని సుచ్చి వంటి ఇటాలియన్ ఉపవాస ప్రదర్శకులు 19వ శతాబ్ది చివర ఐరోపా నగరాల్లో టిక్కెట్లు పెట్టి జనాన్ని రప్పించినవారే. కథలో నిర్వాహకుడు ఉపవాసానికి నలభై రోజుల గడువు విధిస్తాడు. ఆరోగ్యాన్ని తలచి కాదు. ఆపైన ఏ ఊరిలోనూ ప్రేక్షకుల ఆసక్తి నిలవదని అతనికి అనుభవంలో తేలింది. కళాకారుడికి మాత్రం ఉపవాసం కష్టమే కాదు. అది ఎంత తేలికో తనొక్కడికే తెలుసునని అతని బాధ.

ఈ కథను కళాకారుడి ఏకాంతానికి అన్యాపదేశంగా చదవడం రివాజు. ఆ పఠనం తప్పని అనలేం. కాని కథ మధ్యలో ఉన్న ఒక చిన్న సన్నివేశాన్ని అది దాటేస్తుంది. అతని విషాదానికి కారణం ఉపవాసమేనని ఎవరైనా జాలిపడి చెప్పినప్పుడు అతడు ఆగ్రహంతో బోనును కుదిపివేస్తాడు. నిర్వాహకుడు వెంటనే క్షమాపణ చెప్పి, నలభయ్యో రోజున నీరసించి మంచంపై పడి ఉన్న అతని ఛాయాచిత్రాలను ప్రేక్షకులకు అమ్మకానికి చూపుతాడు. ఉపవాసాన్ని అర్ధాంతరంగా ఆపించడంవల్ల కలిగిన ఫలితం అక్కడ కారణంగా ప్రదర్శితమవుతున్నదని కళాకారుడి వేదన. అతని మాట నిజమా, ఆకలి అతని చేత అలా అనిపిస్తున్నదా అన్నది కథ తేల్చదు. ఇరుపక్షాలకూ ఒకే ఛాయాచిత్రం సాక్ష్యం. రుగ్మతల కారణాన్వేషణలో పదేపదే ఎదురయ్యే చిక్కు ఇదే. వైద్యులు దాన్ని గుర్తించడానికి కాఫ్కా తరువాత అర్ధశతాబ్దికి పైగా పట్టింది.

చివరకు సర్కస్‌లో గడ్డికింద కనిపించకుండా పోయిన ఆ మనిషి, చావుబతుకుల మధ్య, తనను మెచ్చుకోవద్దని పర్యవేక్షకుణ్ణి వేడుకుంటాడు. తనకు నచ్చిన ఆహారం దొరకలేదట. దొరికి ఉంటే అందరిలాగే కడుపునిండా తినేవాడట. దీక్ష లేదు, త్యాగం లేదు, నిరసన లేదు. అన్యాపదేశానికి అలవాటుపడిన పాఠకుడి చేతిలోంచి ప్రతీకను కాఫ్కా చివరి క్షణంలో లాగేసుకున్నాడని నా అభిప్రాయం. 1924లో, కంఠానికి సోకిన క్షయవల్ల మింగడమే దుర్భరమైన స్థితిలో, రచయిత ఈ కథ ప్రూఫులు దిద్దాడన్నది ప్రసిద్ధమైన విషయం. దానితో కథను వివరించబూనేవారు రెండేళ్ల ముందు రాసిన రచనకు రెండేళ్ల తరువాతి వేదనను కారణం చేస్తున్నారు.

బంగారు పంజరం, ఆకలి ప్రయోగం

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు హిల్డె బ్రూక్ 1978లో ప్రచురించిన 'ది గోల్డెన్ కేజ్' ఈ రుగ్మతను సామాన్యపాఠకుల దృష్టికి తెచ్చిన గ్రంథం. తాను బంగారు పంజరంలోని పిచ్చుకనన్న ఒక రోగి ఊహనుంచి దానికి ఆ పేరు వచ్చింది. అన్నీ అమర్చిపెట్టే కుటుంబంలో, పెద్దల ఇష్టాలే తన ఇష్టాలుగా పెరిగిన బాలిక, తన అధీనంలో ఉన్నది తన శరీరం ఒక్కటేనని భావించి దాన్ని శాసించడం మొదలుపెడుతుందని బ్రూక్ సిద్ధాంతం. రోగుల మాటను ఆమె అంత శ్రద్ధగా విన్నవారు ఆనాడు తక్కువ. ఆ శ్రద్ధే ఆ పుస్తకాన్ని ఈనాటికీ చదివిస్తున్నది.

కాని ఆమె వద్దకు వచ్చినవారు ఎక్కువగా సంపన్న కుటుంబాలవారు. వచ్చేటప్పటికి ఏళ్ల తరబడి ఆకలితో ఉన్నవారు. బిడ్డ కళ్లెదుట కృశించిపోతుంటే ఏ ఇంట్లోనైనా ఆందోళన, అతిజాగ్రత్త, కంచం దగ్గర కొట్లాట ఉంటాయి. వాటిని చూసి, రుగ్మతకు మూలం ఆ ఇల్లేనని చెప్పడం కాఫ్కా కథలోని ఛాయాచిత్రాన్ని మళ్లీ చూపించడమే. తల్లులు ఈ నిందను దశాబ్దాలపాటు మోశారు. కుటుంబమే ప్రధానకారణమనే వాదాన్ని అంతర్జాతీయ ఆహారరుగ్మతల అకాడమీ 2010లో స్పష్టంగా తిరస్కరించింది. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపొందిన చికిత్సాపద్ధతి అంతకుముందే తల్లిదండ్రులను దోషులుగా కాక, బిడ్డకు తిరిగి అన్నం అలవాటు చేసే సహాయకులుగా స్వీకరించింది.

చరిత్రకారిణి జోన్ జాకబ్స్ బ్రంబర్గ్ 1988 నాటి 'ఫాస్టింగ్ గర్ల్స్'లో చేసిన ఒక విభజన సాహిత్య పరిశోధకులకు ఎంతో ఉపయోగపడుతుంది. రుగ్మతలోకి ప్రవేశించే దశ ఒకటి, అందులో చిక్కుకుపోయే దశ మరొకటి. మొదటిదానిపై సమాజం, కాలం, మతం, విపణి ప్రభావం అధికం. రెండవదానిలో శరీరధర్మానిదే పైచేయి. మధ్యయుగంలో దైవభక్తితో ప్రవేశించిన స్త్రీ, నేడు సన్నబడాలని ప్రవేశించిన విద్యార్థిని వేర్వేరు ద్వారాల గుండా వచ్చినా లోపల ఒకే గదికి చేరవచ్చు. సియెనాకు చెందిన కేథరిన్ వంటి సాధ్వీమణులను అనోరెక్సియా రోగులుగా చదివిన రుడోల్ఫ్ బెల్ (1985), ఆ చదువు వారి విశ్వాసలోకాన్ని చెరిపివేస్తుందన్న కారొలిన్ వాకర్ బైనమ్ (1987) మధ్య వివాదం ఈ విభజనతో కొంతవరకైనా సద్దుమణుగుతుంది.

ఆ గది ఎలా ఉంటుందో తెలిపినది 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ నిర్వహించిన ప్రయోగం. ఆయుధం పట్టడానికి అంతరాత్మ అంగీకరించక, యుద్ధసేవకు బదులుగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగానికి దగ్గరగా తగ్గించిన ఆహారం ఇచ్చారు. బరువులో సుమారు నాలుగో వంతు తగ్గింది. అంతకన్నా విచిత్రం వారి మనసుల్లో జరిగిన మార్పు. వంటల పుస్తకాలు సేకరించి నవలల్లా చదివారు. కొద్దిపాటి భోజనాన్ని ముక్కలు చేసి, కలిపి, గంటల తరబడి తిన్నారు. స్నేహాలకు, నవ్వుకు, కామానికి దూరమయ్యారు. ఆంక్షలు తీసివేశాక కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. అనోరెక్సియా రోగి స్వభావలక్షణాలుగా గ్రంథాల్లో రాసుకున్నవాటిలో అనేకం ఆకలి ఫలితాలని దీనివల్ల అర్థమైంది. ఆ యువకుల్లో ఎవరూ బంగారు పంజరంలో లేరు. సన్నబడాలని ఎవరూ కోరలేదు.

'ది వెజిటేరియన్': అందరూ కారణం అడిగేవారే

హాన్ కాంగ్ కొరియన్ నవల 2007లో వెలువడింది. డెబొరా స్మిత్ ఆంగ్లానువాదానికి 2016లో ఇంటర్నేషనల్ బుకర్ లభించింది. 2024లో రచయిత్రికి నోబెల్ వచ్చాక మనదేశంలోనూ పాఠకులు పెరిగారు. ఈ చర్చకు ఆధారం ఆ ఆంగ్లానువాదమే. యోంగ్‌హే అనే గృహిణి ఒక కల వచ్చిందని చెప్పి మాంసం మానేస్తుంది. కుటుంబసమావేశంలో తండ్రి ఆమెను చెంపదెబ్బ కొట్టి, మాంసం ముక్కను బలవంతంగా నోట్లో కుక్కుతాడు. ఆమె కత్తితో మణికట్టు కోసుకుంటుంది. మూడవ భాగానికి ఆమె మానసిక చికిత్సాలయంలో ఉంటుంది. తాను చెట్టుగా మారుతున్నానని నమ్మి, అన్నం అక్కరలేదంటుంది.

పితృస్వామ్యంపై తిరుగుబాటుగా ఈ నవలను చదవడానికి కావలసినంత సామగ్రి ఉంది. సూసీ ఆర్బాక్ 1986లో తన గ్రంథానికి 'హంగర్ స్ట్రైక్' అని పేరు పెట్టి అనోరెక్సియాను ఈ యుగానికి రూపకమన్నది. సూసన్ బోర్డో 1993లో ఆ శరీరాన్ని సంస్కృతి తన వైరుధ్యాలను లిఖించే పుటగా చదివింది. అయితే బోర్డో జాగ్రత్తగా ఒక మాట చేర్చింది: ఈ నిరసన తనను అణచే వ్యవస్థకే తోడ్పడుతుంది, నిరసించినవారు మిగలరు. ఆమెను ఉదాహరించేవారు మొదటి సగం తీసుకుని రెండవ సగం వదిలివేయడం తరచు కనిపిస్తుంది.

నవల నిర్మాణాన్ని గమనిస్తే తిరుగుబాటు పఠనానికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. మూడు భాగాల్లో ఏదీ యోంగ్‌హే కథనం కాదు. మొదటిది భర్త చెబుతాడు. రెండవది ఆమె శరీరాన్ని తన కళకు వాడుకున్న అక్క భర్త దృష్టిలో, మూడవది అక్క ఇన్‌హే దృష్టిలో సాగుతాయి. యోంగ్‌హే గొంతు మొదటి భాగంలో విడివిడిగా వచ్చే స్వప్నశకలాల్లో మాత్రమే వినిపిస్తుంది. అందరూ ఆమెను కారణం అడుగుతారు. ఆమె కల వచ్చిందంటుంది. ఆ జవాబు ఎవరికీ చాలదు, విమర్శకులకూ చాలలేదు. ఆమె చెప్పని మాటను 'నిరసన' అని పూరించినవారు, భర్త దాన్ని 'మొండితనం' అని పూరించినదానికన్నా ఎక్కువ సానుభూతి చూపారు. కాని చేసిన పని ఒకటే.

ఈ దృష్టితో చూస్తే నవలకు అసలు కేంద్రం ఇన్‌హే. తాను ఎక్కడ ఆపి ఉండగలిగేదని ఆమె ఒక్కొక్క ఘట్టాన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటుంది. చిన్నప్పుడు తండ్రి దెబ్బలన్నీ చెల్లెలికే తగిలాయి. తాను ఇంటి పనులు చేసి తప్పించుకుంది. చెల్లెలి పెళ్లిని ఆపవలసిందా? ఆ రోజు తండ్రి చేయి పట్టుకోవలసిందా? ఇవి ప్రమాదకారకాల పట్టికే. ఒక అక్క తనను తాను శిక్షించుకుంటూ రాసుకున్న పట్టిక. వాటిలో ఏదీ చెల్లెలు చెట్టు కావాలనుకోవడాన్ని వివరించదని ఆమెకు తెలుసు. అదే దెబ్బల ఇంట్లో పెరిగిన తాను బతికి ఉండటమే అందుకు సాక్ష్యం. ముక్కులోంచి గొట్టం దించి బలవంతంగా ఆహారం ఎక్కించబోయినప్పుడు ఇన్‌హే అడ్డుపడుతుంది; అయినా చెల్లెలు చావడానికీ ఒప్పుకోదు. ప్రతీకాత్మక పఠనం నోరుమెదపని స్థలం ఇది. తిరుగుబాటును గౌరవించాలంటే గొట్టాన్ని తీసివేయాలి. ప్రాణం నిలపాలంటే ఉంచాలి. అక్క రెండూ చేయలేదు, ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయే అంబులెన్సులో కూర్చుంది.

లావు భయం లేని రోగులు

కారణాన్ని ముందే నిశ్చయించుకోవడం విమర్శకులకే పరిమితమైన దోషం కాదు. రిచర్డ్ మోర్టన్ 1689లో వర్ణించిన రోగులిద్దరిలో ఒకరు 18 ఏళ్ల యువతి, మరొకరు 16 ఏళ్ల బాలుడు. ఇది స్త్రీల రుగ్మత మాత్రమేనన్న అభిప్రాయం తరువాత ఏర్పడింది. 1870లలో రుగ్మతకు రూపరేఖలు గీసిన ఇంగ్లండులోని గల్, ఫ్రాన్సులోని లాసెగ్ వర్ణనల్లో లావైపోతామనే భయానికి ప్రాధాన్యమే లేదు. 20వ శతాబ్దిలో అది ప్రధానలక్షణమై, 1980 నాటి అమెరికన్ వర్గీకరణలో తప్పనిసరి నియమంగా చేరింది.

దాని పర్యవసానం ఆసియాలో కనిపించింది. హాంగ్‌కాంగ్‌లో సింగ్ లీ బృందం 1993లో ప్రచురించిన పరిశీలనలో 70 మంది చైనీయ రోగులకుగాను 41 మందిలో లావు భయం లేదు. కడుపు ఉబ్బరంగా ఉందని, ఆకలి లేదని వారు చెప్పారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 1995లో వర్ణించిన ఐదుగురు యువతులు ఆహారం నిరాకరించారు, వాంతులు చేసుకున్నారు, ఎంతో బరువు తగ్గారు. తమ శరీరాకృతిని గురించిన వికృతభావన మాత్రం వారిలో కనిపించలేదు. 'తినబుద్ధి కావడం లేదు', 'గ్యాస్ పట్టేసింది', 'ముద్ద దిగడం లేదు' అనే ఫిర్యాదులు తెలుగు ఇళ్లలో ఎంత సాధారణమో వేరుగా చెప్పనక్కరలేదు. వాటిలో అత్యధికం అజీర్తే. కొన్ని కాకపోవచ్చు, వాటిని వేరుచేసి చూడటానికి పుస్తకంలోని నియమం అడ్డుపడింది. ఆ భయం తప్పనిసరి కాదని, బరువు పెరగకుండా చేసే నిరంతర ప్రవర్తన ఉన్నా చాలునని 2013లో నియమాన్ని సడలించారు.

ఇక దూరదర్శన ప్రభావానికి అందరూ ఉదాహరించే ఫిజీ. నడ్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అప్పుడొకసారి, 1998లో మరొకసారి పాఠశాల బాలికలను పరిశీలించగా, ప్రశ్నావళిలో ఆందోళనకరమైన స్థాయికి చేరినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. పుష్టిగా ఉండటాన్ని మెచ్చుకునే సమాజం అది. మనవద్ద ఈ అంకెలు 'టీవీవల్ల అనోరెక్సియా వస్తుంది' అనే వాక్యంగా ప్రచారమయ్యాయి. బెకర్ కొలిచింది వైఖరులను, ప్రవర్తనలను. నిర్ధారితమైన రుగ్మతను కాదు. రెండు పరిశీలనల్లోనూ పాల్గొన్నది అరవై పైచిలుకు బాలికలే. అంకెలకన్నా విలువైనవి ఆమె ఇంటర్వ్యూలు. తెరమీది స్త్రీలు సన్నగా ఉన్నారు, వారికి ఉద్యోగాలున్నాయి. సన్నబడితే మాకూ ఉద్యోగం వస్తుందన్నది కొందరు బాలికల తర్కం. అక్కడ పనిచేసింది అందమో అనుకరణో మాత్రమే కాదు, మారుతున్న ఆర్థికవ్యవస్థలో చోటు సంపాదించుకోవాలన్న ఆరాటం.

తెలుగు పరిశోధనకు సంబంధించి

1993లో 'నీలిమేఘాలు' సంకలనం వెలువడిన నాటినుంచి, శరీరం అధికారానికీ ప్రతిఘటనకూ స్థలమన్న దృష్టి తెలుగు స్త్రీవాద విమర్శలో స్థిరపడింది. దాని చారిత్రక ప్రయోజనం కాదనలేనిది. అందరికీ వడ్డించి మిగిలినది తినే స్త్రీని కథల్లో చూడటం ఆ దృష్టివల్లే అలవడింది. అయితే ఆమెకు అన్నం మిగలకపోవడం లేమి, మరొకామె అన్నం వద్దనడం అలక, ఇంకొకామె తినాలనుకున్నా తినలేకపోవడం రుగ్మత. మూడింటినీ 'దేహరాజకీయం' అనే ఒకే అధ్యాయంలో చేర్చినప్పుడు మూడవామె మాయమవుతుంది.

కథలో ఆహారనిరాకరణ ఎదురైతే పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఈ రెండు రచనలనుంచే దొరుకుతాయి. కారణం చెబుతున్నది ఎవరు: తినని మనిషా, చూస్తున్నవారా? ఆ కారణం తినకపోవడానికి ముందున్నదా, దానివల్ల పుట్టినదా? ప్రవేశించిన ద్వారాన్ని గురించి చెబుతున్న విమర్శ, లోపలి గదిని గురించి ఏమైనా చెబుతున్నదా? తరగతిలో 'ది వెజిటేరియన్' పాఠం చెప్పే అధ్యాపకుల ఎదుట కూర్చున్నవారిలో హాస్టల్ మెస్సులో కంచం ముందు నుంచి లేచి వచ్చిన విద్యార్థిని ఉండవచ్చు, విద్యార్థీ ఉండవచ్చు. యోంగ్‌హే విముక్తి పొందిందన్న వాక్యాన్ని ఆ ఒక్కరు వేరే విధంగా రాసుకుంటారు.